జింక్ కలిసిన నీటికి సున్నమా, బ్యాక్టీరియానా: ఏది మేలు?

ప్రాజెక్టులు మొదలయ్యే ప్రతిసారీ పిల్లలు అడిగేది ఇదే: లోహాలు కలిసిన గని నీటిని బాగుచెయ్యడానికి సున్నం వెయ్యాలా, ఆ నీటిలోనే ఉండే సల్ఫేట్‌ను సల్ఫైడ్‌గా మార్చే బ్యాక్టీరియాను పెంచాలా?

సున్నం సంగతి తెలిసిందే. నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) పెరిగి, జింక్ హైడ్రాక్సైడ్‌గా అడుగుకు దిగుతుంది. గంటల్లో పనైపోతుంది, చలికాలమైనా ఆగదు. చిక్కల్లా లోహాలు రెండు మూడు కలిసినప్పుడే. క్రోమియం పీహెచ్ 8 దగ్గర బాగా దిగుతుంది, జింక్‌కి 9 దాటాలి, ఆపాటికి క్రోమియం మళ్లీ కరగడం మొదలెడుతుంది. సల్ఫేట్‌లో కొంత జిప్సంగా పోయినా, లీటరుకు 1,500 మిల్లీగ్రాములో ఇంకా ఎక్కువో నీళ్లలోనే మిగిలిపోతుంది. మన తాగునీటి ప్రమాణమేమో 200, గత్యంతరం లేకపోతే 400.

డీసల్ఫోవిబ్రియో లాంటి బ్యాక్టీరియా మనం ఆక్సిజన్‌ను వాడుకున్నట్టు సల్ఫేట్‌ను వాడుకుని హైడ్రోజన్ సల్ఫైడ్ వదులుతాయి; అది లోహాలతో కలిస్తే లోహ సల్ఫైడ్లు అడుగుకు దిగుతాయి. ల్యాబులో కిప్స్ ఉపకరణం నుంచి కుళ్లిన గుడ్ల వాసనతో వచ్చేది ఈ వాయువే. లవణాల పరీక్షలో ఈ వాయువు పంపితే రాగి ఆమ్లంలోనే నల్లగా దిగేది, జింక్ మాత్రం అమ్మోనియా పోశాక గానీ తెల్లగా వచ్చేది కాదు, గుర్తుందా? ఆ పరీక్షలో రాగిది రెండో గ్రూపు, జింక్‌ది నాలుగో గ్రూపు; ఆ తేడాతోనే ఇక్కడా రాగిని, జింక్‌ను విడివిడిగా తీసుకోవచ్చు.

ఇది ల్యాబు ముచ్చటే కాదు. అమెరికాలోని విస్కాన్సిన్‌లో నీట మునిగిన ఒక పాత గనిలో బ్యాక్టీరియా కట్టిన జిగురుపొర నిండా జింక్ సల్ఫైడ్, అంటే స్ఫాలరైట్, దొరికిందని 2000లో ప్రకటించారు. ఒక్కో రేణువు కొద్ది నానోమీటర్లే. కానీ చుట్టూ ఉన్న నీటితో పోలిస్తే ఆ పొరలో జింక్ దాదాపు పది లక్షల రెట్లు!

నా దృష్టిలో తేల్చేది మాత్రం అడుగున మిగిలే బురద. సున్నం బురద జిగటగా, ఒళ్లంతా నీళ్లతో ఉంటుంది. దాన్ని మోసుకెళ్లి హానికర వ్యర్థాల గుంతలో పూడ్చాల్సిందే. సల్ఫైడ్ అలా కాదు, జింక్ కర్మాగారానికి అదే ముడిసరుకు. నెదర్లాండ్స్‌లోని బుడెల్ జింక్ కర్మాగారంలో 1992 నుంచి కలుషిత భూగర్భజలాన్ని తోడి, బ్యాక్టీరియాకు ఆల్కహాల్ మేపి, వచ్చిన జింక్ సల్ఫైడ్‌ను తిరిగి కొలిమికే పంపారు. అందుకే నా ఓటు బ్యాక్టీరియాకే.

అలాగని ఎక్కడపడితే అక్కడ పనికిరాదు. నీళ్లు మరీ పుల్లగా ఉన్నా, లోహం మోతాదు మించినా బ్యాక్టీరియా చస్తాయి. వచ్చిన సల్ఫైడ్‌ను ఆరుబయట పడేసినా లాభం లేదు, గాలి తగిలితే అది మళ్లీ మారిపోతుంది. వరిమడిలో కాలికి అంటుకునే నల్లబురద తీసి గట్టున వేసి చూడండి, గాలి తగిలి ఎర్రమట్టి రంగుకి తిరుగుతుంది. కనిపెట్టుకునే మనిషి లేని చిన్న యూనిట్‌కి సున్నమే నయం.

బ్యాక్టీరియాకు బదులు సోడియం సల్ఫైడ్ కొని నీటిలో పోయొచ్చు, ఖర్చెక్కువ. లోహాలను పట్టుకునే రెసిన్లు, లోహం తక్కువున్న నీటికి బాగుంటాయి.

మొదలెట్టేవాళ్లకి ఒక సీసా చాలు: చెరువు బురద, పేడ, రంపపుపొట్టు, మీ నీళ్లు. గాలి చొరకుండా బిగించి కొన్ని వారాలు ఆగండి. మూత తీసేది మాత్రం ఫ్యూమ్ హుడ్‌లోనే (విషవాయువులను బయటికి లాగేసే ల్యాబు పెట్టె), ఆ వాయువు ప్రాణాలు తీస్తుంది.