ఆ మెట్ల పైన రెండేళ్లు: విజయనగరంలో జపనీస్ నేర్పే మనుషులు

కోచింగ్ కేంద్రం గురించి రాసేవాళ్లు గదులు, ఫీజు, పుస్తకాలు అంటూ మొదలుపెడతారు. ఆ సంగతి ముందే చెప్పేసి పక్కన పెడతాను. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి నుంచి నడిచి వెళ్లేంత దూరంలో ఒక మేడ మీద రెండు గదులు. ఏసీ ఒక గదిలోనే ఉంది, అందులో కౌన్సెలర్ కూర్చుంటాడు. స్థాయికి 15 వేలు, రెండు వాయిదాల్లో కట్టవచ్చు. పుస్తకం జిరాక్సు కాపీ. మెట్లు ఇరుకు, మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లు పట్టుకోవడానికి ఒక పక్క కమ్మీ కూడా లేదు. ఇక మనుషుల దగ్గరికి వస్తాను.

నేను రిటైరైన తెలుగు పండితుణ్ణి. కొడుక్కి జపాన్‌లోని నగోయాలో ఉద్యోగం. వాడి దగ్గర మూడు నెలలు ఉన్నప్పుడు పక్కింటి ముసలాయన రోజూ గేటు దగ్గర ఏదో పలకరించేవాడు, నేను రోజూ తల ఊపేవాణ్ణి. ఉద్యోగమంతా పిల్లల చేత మాట్లాడించి బతికినవాణ్ణి, అక్కడ మూగవాణ్ణయ్యాను. తిరిగి వచ్చిన వారానికే ఇక్కడ చేరాను. జపనీస్ భాషా పరీక్షలో అన్నిటికన్నా కింది స్థాయి ఎన్-5, దాని పైది ఎన్-4. ఆ రెండూ ఇక్కడే చదివాను, చెన్నై వెళ్లి పరీక్షలు రాశాను, రెండూ గట్టెక్కాయి. ఉద్యోగం కోసం చేరినవాణ్ణి కాను కాబట్టి నా లెక్క వేరు. నాతో చదివిన పిల్లలది మాత్రం అదే లెక్క. అది కూడా కళ్లారా చూశాను.

కౌన్సెలర్‌తో మొదలుపెడదాం, ఎందుకంటే ఎవరైనా ముందు చూసేది అతన్నే. మంచి మాటకారి. నేను ఒకసారి విచారించి వచ్చినందుకు పది రోజులు వరసగా ఫోన్ చేశాడు. ఫీజు కట్టిన పదకొండో రోజు నుంచి నా నంబరు మరిచిపోయాడు. నన్ను చూసి కొంచెం తికమకపడ్డాడు కూడా. అతని దగ్గరున్న మాటలన్నీ ‘ఆరు నెలల్లో జపాన్’ చుట్టూ తిరిగేవే. అరవై దాటిన మనిషి ‘పక్కింటాయనతో మాట్లాడాలి’ అంటే ఏ కరపత్రం ఇవ్వాలో అతనికి తోచలేదు.

నాకు జరిగిన నష్టం ఏమీ లేదు. బొబ్బిలి నుంచి వచ్చే ఒక నర్సింగ్ అమ్మాయికి జరిగింది. వృద్ధుల సంరక్షణ పనికి వెళ్లాలని ఆమె కోరిక. ‘ఎన్-4 వస్తే చాలు, మిగతాది మేం చూసుకుంటాం’ అన్నాడట. జపాన్ 2019 ఏప్రిల్‌లో మొదలుపెట్టిన నిపుణ కార్మికుల వీసాకు భాషతో పాటు ఆ రంగపు నైపుణ్య పరీక్ష కూడా నెగ్గాలి. సంరక్షణ పనికైతే ఆ పనికి సంబంధించిన జపనీస్ మీద ఇంకో పరీక్ష ఉంటుంది. అంటే మొత్తం మూడు. ఎన్-4 బదులు కంప్యూటర్ మీద రాసే మరో భాషా పరీక్ష ఉందని, దానికి 250కి 200 తెచ్చుకుంటే సరిపోతుందని, జూలై, డిసెంబరుల్లో జరిగే ఎన్ పరీక్షల కోసం ఎదురుచూడనక్కర లేదని కూడా ఆమెకు ఎవరూ చెప్పలేదు. ఇవన్నీ ఎనిమిదో నెలలో, తోటి పిల్లల ద్వారా తెలిశాయి. కౌన్సెలర్ గదికి వెళ్లి అడిగితే అతను ఏమన్నాడంటే, ‘మీరు అడగలేదు కదండీ!’ కోపం రాలేదు నాకు, ఆశ్చర్యం వేసింది. ఆ అబ్బాయి కావాలని అబద్ధం చెప్పలేదు. తెలియనిది తెలుసుకోవడం తన పని అని ఎవరూ అతనికి చెప్పలేదు. అతనికి లెక్క చేరికల మీద, వెళ్లినవాళ్ల మీద కాదు.

మొదటి టీచరు విశాఖ నుంచి వచ్చేవాడు. చదువు ఉన్నవాడే. కానీ పాఠమంతా ఇంగ్లీషులో. బోర్డు మీద ముందు ఇంగ్లీషు వాక్యం రాసి, క్రియను తీసి చివరికి జరపండి, కర్మను ముందుకు తెండి, ఇక్కడ ఈ ముక్క తగిలించండి అనేవాడు. ఎదురుగా కూర్చున్నది తెలుగు పిల్లలు. వాళ్లు ముందు తెలుగును ఇంగ్లీషులోకి తిప్పి, ఆ ఇంగ్లీషును విరగ్గొట్టి జపనీస్ చేసేవారు. విజయనగరంలో బయలుదేరి శ్రీకాకుళం వెళ్లడానికి ముందు విశాఖపట్నం వెళ్లినట్టుంది ఆ వ్యవహారం. గోడ మీది అక్షరాల పట్టిక చూసి మొదటి రోజే నేను ఒక మాట అడిగాను. అ, ఇ, ఉ, ఎ, ఒ తరవాత క, స, త, న, హ, మ, య, ర, వ అని నడుస్తోంది, ఇది మన వర్ణమాల వరసలా లేదా అని. ‘అది సిలబస్‌లో లేదు సార్’ అన్నాడు. నాలుగో నెలలో ఎక్కువ జీతం దొరికి వెళ్లిపోయాడు. రెండు వారాలు క్లాసు లేదు. ఆ రెండు వారాల ఫీజు సంగతి అడిగితే ‘పై వాళ్లతో మాట్లాడతాం’ అన్నారు. ఇప్పటికీ మాట్లాడుతూనే ఉన్నారు.

తరవాత నెల్లిమర్ల నుంచి బస్సులో వచ్చే ఒక అమ్మాయి చేరింది. ఇరవై ఆరేళ్లు ఉంటాయేమో. మొదటి రోజు నన్ను చూసి కుర్చీలోంచి లేచి ‘నమస్కారం మాస్టారూ’ అంది. ‘కూర్చో అమ్మా, ఇక్కడ మాస్టారు నువ్వే’ అన్నాను. అప్పటి నుంచి ఆమెకు నేను మాస్టారు, నాకు ఆమె సెన్సేయ్. రెండు మాటలకూ అర్థం ఒకటే అని పిల్లలు నవ్వుకునేవారు.

ఆమె ఇంగ్లీషును తలుపు బయట చెప్పులతో పాటు వదిలించింది. మొదటి పాఠం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది. ‘పొద్దున లేచి, చేతులు కడుక్కొని, అన్నం తిని, బడికి వెళ్తాను’ అని బోర్డు మీద తెలుగులో రాసింది. దాని కింద, ఏ మాట కింద ఆ మాట వచ్చేలా తెలుగు లిపిలోనే జపనీస్ రాసింది: ‘అస ఒకితె, తె ఒ అరత్తె, గొహన్ ఒ తబెతె, గక్కో ఎ ఇకిమస్’. ఒక్క మాట అటూ ఇటూ జరపనక్కర లేదు. లేచి, కడుక్కొని, తిని అని మనం ఎక్కడ ఇకారం పెట్టి ఆగుతామో అక్కడ వాళ్లు ‘తె’ పెట్టి ఆగుతారు. మనకు అన్నం అంటే వండిన బియ్యమూ అవుతుంది, భోజనమూ అవుతుంది. వాళ్ల గొహన్ కూడా అంతే. నెలల తరబడి తలలు పట్టుకున్న పిల్లలు పది నిమిషాల్లో తమ పొద్దుటి పనులన్నీ చెప్పేశారు.

‘ఈ “లేచి, తిని” అనేదానికి తెలుగులో ఏదైనా పేరుందా మాస్టారూ?’ అని అడిగింది.

‘ఉందమ్మా. క్త్వార్థకం.’

బోర్డు మూలన రాసుకుంది, పలకడానికి రెండుసార్లు తడబడింది. మర్నాటి నుంచి క్లాసులో అది ‘మాస్టారి క్త్వా’ అయిపోయింది. తరవాతి బ్యాచీ పిల్లలు నన్ను చూడకుండానే ఆ పేరుతో నేర్చుకున్నారు. ఎన్నో ఏళ్లు ఆ మాట చెప్పి పరీక్షల్లో రాయించాను, ఎవరికైనా పనికొచ్చిందని మొదటిసారి తెలిసింది.

ఆమె చెప్పే పద్ధతి ఇదే. ‘తిని చూడు’ అంటాం కదా, వాళ్లూ ‘తబెతె మిరు’ అంటారు, మిరు అంటే చూడటమే. ‘కొని పెట్టు’ అన్నట్టే ‘కత్తె ఒకు’. స్నేహితుడితో అన్న ‘తో’కు వాళ్లది కూడా ‘తొ’, అది కాకతాళీయమే అయినా గుర్తుండిపోతుంది. సునామీలోని మొదటి అక్షరం ఎవరికీ పలకదు. ‘చుట్టం అనండి, చలి అనండి, ఆ చ తీసుకోండి’ అంది. దంత్య చకారం! పుస్తకాల్లోంచి ఎప్పుడో జారిపోయిన ఆ గుర్తును పిల్లలు నాలుక చివర పట్టుకున్నారు. ఒబసన్ అంటే పిన్ని, ఒబాసన్ అంటే మామ్మ. కితె అంటే వచ్చి, కిత్తె అంటే తపాలా బిళ్ల. దీర్ఘానికీ ద్విత్వానికీ అర్థం మారే భాష మనది కాబట్టి ఇవి మన చెవికి ఇట్టే దొరుకుతాయని, పరీక్షలో అదే మన పెట్టుబడి అని ఆమె ధైర్యం చెప్పేది. పోలిక తప్పే చోట కూడా ముందే హెచ్చరించేది. నేను తిన్నాను, వాడు తిన్నాడు, వాళ్లు తిన్నారు, అన్నిటికీ జపనీస్‌లో ‘తబెమషిత’ ఒక్కటే. ‘మన ను, డు, రు ఇక్కడ తగిలించకండి’ అనేది.

అక్షరాల పట్టిక సంగతి ఆమెనూ అడిగాను. తెలియదంది. మర్నాడు వస్తూనే చెప్పింది. సంస్కృత మంత్రాల కోసం బౌద్ధ భిక్షువులు ‘సిద్ధం’ అనే పాత భారతీయ లిపి చదివారట, ఆ వర్ణక్రమమే వీళ్ల అక్షరాల వరసకు దారి చూపిందట. హ వరస ఒకప్పుడు ప వరస. ఆ ప వేసి చూస్తే త, న, ప, మ, య, ర, వ. నాకు ఆ రోజు పాఠం చెవికెక్కలేదు, పట్టికే చూస్తూ కూర్చున్నాను. పారశీక భాష కూడా నేర్చిన హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు తిరిగిన ఊళ్లో ఇలాంటి ప్రశ్నకు సిలబస్ అడ్డం రాకూడదు మరి.

నోటుపుస్తకాలు దిద్దడంలో ఆమె కన్ను ఎలాంటిదంటే, అక్షరం పూర్తయ్యాక చూసి కూడా ఏ గీత ముందు గీశామో చెప్పేస్తుంది. కంజీలో, అంటే చైనా నుంచి వచ్చిన అక్షరాల్లో, కుడి, ఎడమ అనేవాటికి పైభాగం ఒకేలా ఉంటుంది, ఒక అడ్డగీత, ఒక వాలుగీత. కుడికి వాలుగీత ముందు, ఎడమకు అడ్డగీత ముందు. నేను రెండిటికీ అడ్డగీతే ముందు గీసేవాణ్ణి. కనిపించదులే అనుకున్నాను. ‘మాస్టారూ, గీతల పొడవు చూస్తేనే తెలుస్తోంది’ అని ఎర్ర పెన్సిలుతో పక్కన చిన్న ఒకటి, రెండు వేసింది. ఒకప్పుడు పిల్లల చేత ‘ఋ’ దిద్దించిన చేత్తో ఆ పేజీ నిండా ‘కుడి’ అక్షరాన్ని దిద్దాను.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బస్సు ఆలస్యమైతే క్లాసు ఆలస్యం. ఆమె స్వయంగా ఎన్-3 వరకే నెగ్గింది, పై స్థాయి సందేహాలకు ‘రేపు చెప్తాను’ అంటుంది. చెప్తుంది, కానీ రేపే. గద్దించడం చేతకాదు. అన్నిటికన్నా పెద్ద లోపానికి నేనే కారణం. నా కోసం నెమ్మదిగా నడిపిన రోజుల్లో వేగంగా వెళ్లగలిగిన పిల్లలు గోళ్లు గిల్లుకుంటూ కూర్చున్నారు. వినికిడి సాధన కూడా తక్కువ. 180కి 90 వస్తే ఎన్-4 నెగ్గినట్టే, కానీ వినికిడిలో 60కి కనీసం 19 విడిగా రావాలి. నాకు అందులో 24 వచ్చాయి, మిగతా మార్కులు నన్ను మోశాయి.

ఆ పరీక్షలో మాట్లాడే భాగం లేదు. అందుకే కేంద్రం కూడా మాటను పట్టించుకోదు. ఈ కొరత తీర్చింది శనివారాల్లో తెరమీద కనిపించే ఒక జపనీస్ పెద్దాయన. ఇంగ్లీషు రాదు, తెలుగు రాదు, ఓపిక ఉంది. పైడితల్లి అమ్మవారి సిరిమాను వారంలో ఊరంతా జనం, బజారులో కాలు పెట్టే చోటు లేదు. ఆ శనివారం ‘మీ ఊరి పండగ చెప్పండి’ అన్నాడు. దసరా తరవాతి మంగళవారం, పొడుగాటి మాను, చివర పూజారి కూర్చొని, గుడి నుంచి కోట దాకా మూడుసార్లు వెళ్లి వస్తాడని తలా ఒక వాక్యం చొప్పున, మాస్టారి క్త్వాలు గుచ్చి చెప్పాం. ఆయన కొంచెం ముందుకు వంగాడు. ‘అబునకు నయ్ దెస్ క?’ అన్నాడు, ప్రమాదం కాదా అని. ఎవరి దగ్గరా జవాబు లేదు. బొబ్బిలి అమ్మాయి కాసేపు వెతుక్కుని, ‘అమ్మవారు ఉన్నారు, దైజోబు దెస్’ అంది. ఆయన చేతులు జోడించాడు. రెండేళ్లలో మాకు జరిగిన నిజమైన మౌఖిక పరీక్ష అదొక్కటే.

డైరెక్టరు గురించి రాయడానికి పెద్దగా లేదు. మూడుసార్లు వచ్చాడు, ఒకసారి ఫొటో కోసం. ఆ ఫొటోతో కింద ఫ్లెక్సీ కట్టారు. డైరెక్టరు ఉన్నాడు, కౌన్సెలర్ ఉన్నాడు, నెగ్గిన పిల్లలు ఉన్నారు, ఎందుకో నేనూ ఉన్నాను. నెల్లిమర్ల అమ్మాయి లేదు. ‘ఆ రోజు క్లాసు చెప్తోందండీ’ అన్నారు. ఐదు చుక్కల రేటింగు వేయమంటే నాకు వచ్చే చిక్కు ఇదే. ఆమెకు ఐదూ వేస్తాను, ఆమెను పెట్టుకున్న కేంద్రానికి రెండు.

ఒకరిని మరిచాను. తాళాలు తీసి, గదులు ఊడ్చి, నీళ్లు పట్టే ఆవిడ. పొద్దున ఆరున్నర బ్యాచీకి ఆరుకే వస్తుంది. చెప్పులు ముందు వైపు బయటికి చూసేలా వరసగా పెట్టకపోతే ఒప్పుకోదు, ‘వాళ్ల దేశంలో ఇలాగే పెట్టాలట’ అంటుంది. కొత్తవాళ్లు సిగ్గుపడుతూ గొణిగే ‘ఒహయో గొజైమస్’ను గట్టిగా అనిపించేది ఆవిడే. రెండు వారాలు క్లాసులు ఆగినప్పుడు మెట్ల దాకా వచ్చి వెనక్కి వెళ్లే పనిలేకుండా ముందురోజే ఫోన్ చేసి చెప్పింది కూడా ఆవిడే. అది ఆవిడ పని కాదు.

ఎన్-3 మొదలుపెడదామని పోయిన వారం కేంద్రానికి ఫోన్ చేశాను. కొత్త కౌన్సెలర్ ఎత్తాడు. ఫీజు చెప్పాడు, తగ్గింపు చెప్పాడు, ఎల్లుండి ఆఖరి తేదీ అన్నాడు. ‘టీచరు ఎవరు బాబూ?’ అంటే, ‘మంచి ఫ్యాకల్టీ ఉన్నారు సార్’ అన్నాడు. పెట్టేసి తాళాలావిడకు చేశాను.

‘ఆ అమ్మాయే మాస్టారూ’ అంది. ‘సోమవారం నుంచి. ఆరున్నరకే వచ్చేయండి, ముందు బెంచీ తుడిచి ఉంచుతాను.’