వార్‌క్రాఫ్ట్: ఓర్క్‌ల కథ గుండెను తాకింది, మనుషుల కథ ఉరుకులతోనే సరిపోయింది

రాక్షసుల్లాంటి ఆకారాలు, కింది దవడ నుంచి బయటికొచ్చిన కోరలు, చూస్తేనే భయమేసే శరీరాలు. అయినా అదే పేరున్న కంప్యూటర్ ఆట ఆధారంగా 2016లో వచ్చిన 'వార్‌క్రాఫ్ట్' సినిమాలో నాకు సొంత మనుషుల్లా అనిపించింది ఆ ఓర్క్‌లే. దర్శకుడు డంకన్ జోన్స్ కథను వాళ్లలో ఒక తెగ నాయకుడు డురోటాన్ ఇంటి నుంచి మొదలుపెట్టాడు. వాళ్ల నేల చచ్చిపోతోంది, భార్య డ్రాకా నిండు గర్భిణి, బతకాలంటే మాయద్వారం దాటి ఇంకో లోకానికి పోవాలి. ఈ ఒక్క నిర్ణయానికే దర్శకుడికి దండం పెట్టొచ్చు.

ద్వారం దాటగానే డ్రాకాకు నొప్పులొస్తాయి. పుట్టిన బిడ్డలో చలనం ఉండదు. మంత్రగాడు గుల్‌డాన్ పక్కనే ఉన్న జింక ప్రాణం లాగి బిడ్డకు పోస్తాడు. బిడ్డ బతుకుతాడు, కానీ ఒళ్లు ఆకుపచ్చగా మారుతుంది. అమ్మానాన్నలది గోధుమ రంగు. ఆ మంత్రం నేలను కూడా చంపుతుందని డురోటాన్‌కు తర్వాత అర్థమవుతుంది. తన బిడ్డను బతికించిన శక్తి మీదే తిరగబడాల్సి రావడం, అదీ అసలు కథ. టోబీ కెబెల్ ముఖ కదలికలను పట్టి గ్రాఫిక్స్‌లోకి మార్చారు కాబట్టి ఆ కళ్లలో బాధ నిజంగా కనిపిస్తుంది.

మనుషుల వైపు వచ్చేసరికి సినిమా జారిపోయింది. కారణం ఆట ఆడినవాళ్లకు వెంటనే తెలుస్తుంది. 2002లో వచ్చిన ఆట మూడో భాగాన్ని మేం హనుమకొండ చౌరస్తా దగ్గరి నెట్ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ ఒకదానికొకటి కలిపి ల్యాన్ మీద ఆడేవాళ్లం. అందులో కూలీలతో చెట్లు కొట్టించాలి, బంగారం తవ్వించాలి, ఇళ్లు ఒక్కొక్కటిగా లేపాలి. అంత కష్టపడి కట్టినదాన్ని శత్రువు తగలబెడితే ఆ రాత్రి నిద్ర పట్టేది కాదు. సినిమాలో స్టార్మ్‌విండ్ నగరం రెడీమేడ్‌గా కనిపిస్తుంది. గద్ద తల, సింహం ఒళ్లు ఉన్న గ్రిఫిన్ మీద సేనాని లోథార్ ఎగురుతుంటే నగరం చూడ్డానికి బ్రహ్మాండంగానే ఉంటుంది, కానీ అక్కడ బతికేవాళ్లు ఎవరో చూపించలేదు. లోథార్ కొడుకు తండ్రి కళ్లముందే చనిపోతాడు. ఆ తండ్రీకొడుకులు కలిసి కూర్చుని మాట్లాడుకున్న సీన్లు ఇంకో రెండు ఉంటే మనకూ కడుపు తరుక్కుపోయేది. రెండు గంటల మూడు నిమిషాల్లో ఇన్ని పేర్లు, ఇన్ని ఊళ్లు కుక్కడం వల్ల వచ్చిన తిప్పలివి.

ఆటలోని సంగతులను మాత్రం ప్రేమగా పెట్టారు. కుర్ర మాంత్రికుడు ఖాద్గర్ ఒక సైనికుణ్ణి గొర్రెను చేస్తాడు. అది ఆటలో మేం తెగ వాడిన మంత్రం. ఆట పేరు కూడా వినని మా అక్క కొడుకు పగలబడి నవ్వి, "మామా, మళ్లీ పెట్టవా" అని ఆ సీను వెనక్కి తిప్పించాడు. ఆడనివాళ్లకు కూడా పండింది కాబట్టి అది మంచి సీనే. మా అమ్మ మధ్యలో వచ్చి కూర్చుంది. డ్రాకా బిడ్డను బుట్టలో పెట్టి నదిలో వదిలేసరికి, "కుంతి కర్ణుణ్ణి వదిలినట్టే వదిలింది గదరా, మరి ఆ పిల్లగాడు ఏమైతడు?" అని అడిగింది. వాడే పెద్దయ్యాక త్రాల్. ఆట మూడో భాగంలో ఓర్క్‌లందరికీ నాయకుడు, మా నెట్ సెంటర్ బ్యాచ్ మొత్తానికి హీరో. సినిమా మాత్రం వాడు మనుషుల చేతికి దొరకడంతోనే ఆగిపోతుంది. ప్రపంచమంతా కలిపి 43 కోట్ల డాలర్లకు పైగా వసూలైంది, అందులో సగం దాకా చైనా నుంచే. అమెరికాలో 5 కోట్లు కూడా దాటలేదు. సినిమాకు రెండో భాగం రాలేదు.

నా రేటింగ్ ఐదుకి మూడు. ఆ మూడూ డురోటాన్ ఇంటివాళ్లకే. కొత్తగా చూసేవాళ్లు సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, పేర్లు చెవికి అందవు. ఫోన్‌లో మాత్రం వద్దు. చివర్లో డురోటాన్, గుల్‌డాన్ ద్వంద్వయుద్ధం జరుగుతున్నప్పుడు చుట్టూ నిలబడ్డ ఓర్క్‌ల ముఖాలు చూడాలి, చిన్న తెర మీద అవి కనిపించవు.