సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ: ఏడాది వాడాక నా రివ్యూ

లినక్స్ సర్వర్‌లో నెట్‌వర్క్ కార్డుకి ఐపీ పెట్టే పాత టూల్ ఇఫ్‌అప్‌డౌన్ తీసేసి, బూట్‌లో సర్వీసులన్నీ మొదలుపెట్టే సిస్టమ్‌డీలో భాగంగా అదే పని చేసే నెట్‌వర్క్‌డీకి మారి ఏడాది కావస్తోంది, మొదటి వారంలోనే రాసుంటే పొగిడేసేవాణ్ణి, అందుకే ఆగి రాస్తున్నా. కొత్త సరుకేం కాదులెండి, 2014లో సిస్టమ్‌డీ 209 వెర్షన్‌తో వచ్చింది, నేనే లేటు.

కాన్ఫిగర్ చెయ్యడం మాత్రం హాయి. /ఈటీసీ/సిస్టమ్‌డీ/నెట్‌వర్క్ ఫోల్డర్‌లో 10-ల్యాన్.నెట్‌వర్క్ అని ఒక ఫైలు, అందులో మ్యాచ్ కింద కార్డు పేరు, నెట్‌వర్క్ కింద అడ్రస్, గేట్‌వే, డీఎన్ఎస్, మొత్తం ఆరు లైన్లు. అడ్రస్ చివర /24 అని తగిలిస్తే నెట్‌మాస్క్ విడిగా రాసే గోల కూడా లేదు. ఒక్క మెలిక ఉంది, ఒకే కార్డుకి రెండు ఫైళ్లు సరిపోతే పేరు వరసలో ముందున్నదే తీసుకుంటుంది, రెండోదాని మొహం కూడా చూడదు. నేను 20-తో మొదలయ్యే ఫైల్లో గంటసేపు ఐపీ మారుస్తూ కూర్చున్నా, తీరా చూస్తే 10- ఫైల్లో కార్డు పేరు బదులు ఈఎన్* అని రాసిపెట్టుకున్నది నేనే, అది అన్ని కార్డుల్నీ పట్టేసుకుంది.

అసలు తలనొప్పి బూట్ వరసతో. రీబూట్ చేస్తే వెబ్ సర్వర్ ఒకసారి లేస్తుంది, ఇంకోసారి లేవదు. లాగ్‌లో ఒకటే లైను, క్యానాట్ అసైన్ రిక్వెస్టెడ్ అడ్రస్. అంటే కార్డుకి ఇంకా ఐపీ పడనే లేదు, ఇదేమో వెళ్లి ఆ ఐపీ మీద కూర్చుంటానంటోంది, ఆలూ లేదు చూలూ లేదు కొడుకు పేరు సోమలింగం. సర్వీసు ఎప్పుడు ఎలా మొదలవ్వాలో సిస్టమ్‌డీకి చెప్పే యూనిట్ ఫైల్లో ఆఫ్టర్=నెట్‌వర్క్.టార్గెట్ అని, అంటే బూట్‌లో ఆ మైలురాయి దాటాకే మొదలుపెట్టు అని, రాసి నిశ్చింతగా ఉన్నాను మరి. ఆ పేరు చూస్తే నెట్‌వర్క్ వచ్చేసిందనే కదా ఎవరైనా అనుకునేది, కానీ దానర్థం నెట్‌వర్క్ చూసుకునే సర్వీసు మొదలైందని మాత్రమే. అది బాగా పనికొచ్చేది షట్‌డౌన్‌లో, ఆపేటప్పుడు వరస తిరగబడుతుంది కాబట్టి నెట్‌వర్క్ పోకముందే మన సర్వీసు ఆగుతుంది. బూట్‌లో ఐపీ కోసం ఆగాలంటే నెట్‌వర్క్-ఆన్‌లైన్.టార్గెట్ పెట్టాలి, అదీ ఆఫ్టర్ ఒక్కటి చాలదు, వాంట్స్ కూడా రాయాలి, ఎందుకంటే ఆఫ్టర్ క్యూలో నిలబెడుతుందే తప్ప ఎవర్నీ పిలవదు, పిలిచేది వాంట్స్.

అది సరిచేశానా, ఇప్పుడు బూట్ రెండు నిమిషాలు ఆగిపోవడం మొదలైంది. స్క్రీన్ మీద ఎర్ర చుక్కలు అటూ ఇటూ నడుస్తుంటాయి, పక్కన టైమ్ లెక్క, దాని పక్కన నో లిమిట్ అని, గుండె ఆగినంత పనవుతుంది, నిజానికి నెట్‌వర్క్ కోసం కాచుకునే వెయిట్-ఆన్‌లైన్ సర్వీసు 120 సెకన్లకి వదిలేస్తుంది. కారణం మళ్లీ నా ఈఎన్*. రెండో పోర్ట్‌కి కేబులే లేదు, కానీ నెట్‌వర్క్‌డీ చేతిలో ఉన్న కార్డులన్నీ రెడీ అయ్యేదాకా అది కదలదు. ఖాళీ పోర్ట్‌కి విడిగా 05-తో ఒక ఫైలు పెట్టి లింక్ సెక్షన్‌లో రిక్వైర్డ్‌ఫర్‌ఆన్‌లైన్=నో అని రాశాక దారికొచ్చింది. ఏది ఎక్కడ ఆగిందో చూడ్డానికి సిస్టమ్‌డీ-అనలైజ్ క్రిటికల్-చైన్ అని కమాండ్ కొట్టండి, నన్ను అదే కాపాడింది.

లినక్స్ బదులు ఫ్రీబీఎస్‌డీ అనే ఇంకో ఓఎస్ వాడేవాళ్లు ఇదంతా చదివి నవ్వుకుంటారేమో. అక్కడ స్టాటిక్ ఐపీ అంటే ఆర్‌సీ.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైల్లో రెండు లైన్లు, ప్రతి సర్వీసు స్క్రిప్ట్ పైన కామెంట్‌లో రిక్వైర్ (ముందు ఏం కావాలి), ప్రొవైడ్ (తనేం ఇస్తుంది) అని ఉంటాయి, ఆర్‌సీఆర్డర్ అనే ప్రోగ్రామ్ అవి చదివి వరస కడుతుంది, ఒకదాని తర్వాత ఒకటి నడుస్తాయి. స్పీడ్ తక్కువే కానీ ఏం జరుగుతోందో కంటికి కనిపిస్తుంది.

ల్యాప్‌టాప్‌కి మాత్రం ఇది వద్దంటాను, వైఫై కలపడం దీని పని కాదు, దానికి మళ్లీ ఐడబ్ల్యూడీ లాంటి వైఫై ప్రోగ్రామ్ తోడు కావాలి, వైఫై కూడా చూసుకునే నెట్‌వర్క్‌మేనేజరే నయం. నెట్‌వర్క్‌డీ, నెట్‌వర్క్‌మేనేజర్ రెండూ పెట్టుకుని ఒకే కార్డుని రెండింటికీ అప్పజెప్పారో, ఒకే ఒరలో రెండు కత్తులే.

సర్వర్‌కైతే అయిదుకి నాలుగు. తగ్గించిన ఆ ఒక్కటీ నెట్‌వర్క్.టార్గెట్‌కి ఆ పేరు పెట్టినందుకు.