పని మధ్యలో అడ్డురాని యాంటీవైరస్: మా డీటీపీ షాపులో డిఫెండర్

విండోస్‌తో పాటే వచ్చే డిఫెండర్ మీద నాకున్న ఇష్టానికి కారణం ఒక్కటే. దానంతటది చేసుకునే షెడ్యూల్ స్కాన్‌ను నేను సిస్టమ్ ముందు లేనప్పుడే చేసుకుంటుంది. ప్రూఫ్ కోసం కస్టమర్ ఎదురుగా కూర్చుని ఉండగా స్క్రీన్ బిగుసుకుపోతే ఎంత టెన్షనో డీటీపీ చేసేవాళ్లకు తెలుసు.

మాది తెనాలిలో చిన్న షాపు. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ల ప్రశ్నపత్రాలు చేస్తాం. 4 జీబీ ర్యామ్, విండోస్ 10. వచ్చే ప్రతివాళ్ల చేతిలో ఒక పెన్‌డ్రైవ్ ఉంటుంది. ఫోల్డర్లన్నీ మాయమై షార్ట్‌కట్‌లు కనిపించే వైరస్ చాలావాటిలో ఉంటుంది. రక్షణ లేకుండా ఒక్కరోజు కూడా గడవదు.

మొదట్లో డబ్బు కట్టే యాంటీవైరస్ ఒకటి వాడాను. పెన్‌డ్రైవ్‌లు శుభ్రం చేయడంలో దానికి వంక పెట్టలేను. కానీ ఒక మాఘమాసంలో, ముహూర్తాలు దగ్గరపడి రెండు మూడు పెళ్లిళ్ల కార్డులు ఒకేసారి ప్రెస్‌కు వెళ్లాల్సిన రోజున, మధ్యాహ్నం పూట అది ఫుల్ స్కాన్ మొదలుపెట్టింది. కార్డులు డిజైన్ చేసే కోరల్ డ్రా ప్రోగ్రామ్‌లో ఫైలు తెరుచుకోదు, తెరుచుకున్నది సేవ్ కాదు. టాస్క్ మేనేజర్ చూస్తే డిస్క్ 100 శాతం. పెళ్లికూతురి తండ్రి "ఇంకా ఎంతసేపు బాబూ, ప్రెస్ వాళ్లు ఫోన్ చేస్తున్నారు" అంటున్నారు. స్కాన్ ఆపేశాను. హమ్మయ్య అనుకుని వధువు పేరు దిద్దబోతే తెలుగు పడలేదు. ఏ కీ నొక్కినా పిచ్చి గుర్తులే. చూస్తే తెలుగు టైపింగ్ కీబోర్డ్ ప్రోగ్రామ్‌ను వైరస్ అనుకుని క్వారంటైన్‌లో, అంటే పనిచేయకుండా విడిగా బంధించి పెట్టేసింది.

అలా ఎందుకు అనుకుంటుందో తర్వాత అర్థమైంది. మన పాత ఫాంట్లకు టైపింగ్ చేసిపెట్టే ప్రోగ్రాములు మనం నొక్కే ప్రతి కీనీ మధ్యలో పట్టుకుని తెలుగు అక్షరంగా మారుస్తాయి. పాస్‌వర్డ్‌లు దొంగిలించే కీలాగర్లు కూడా కీలను అలాగే పట్టుకుంటాయి. బయటి నుంచి చూసే సాఫ్ట్‌వేర్‌కు రెండూ ఒకేలా కనిపించవచ్చు. సరే, దాన్ని క్వారంటైన్ నుంచి తెచ్చి మినహాయింపుల్లో చేర్చాను. మరో అప్‌డేట్ వచ్చాక మళ్లీ పట్టుకుపోయింది. ఇక ఆ కంపెనీ ఇచ్చిన రిమూవల్ టూల్‌తోనే పూర్తిగా తీసేశాను. వేరే యాంటీవైరస్ ఉన్నంతకాలం పక్కకు తప్పుకుని ఉండే డిఫెండర్, అది పోగానే తనంతట తానే ఆన్ అయింది.

అప్పటి నుంచి నా పనివేళల్లో స్కాన్ అనేదే కనబడలేదు. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడే షెడ్యూల్ స్కాన్ మొదలుకావాలన్న సెట్టింగ్ అందులో ముందే ఉంటుంది. ఆ స్కాన్ సగటున ఎంత సీపీయూ వాడుకోవచ్చో కూడా చెప్పవచ్చు. మామూలుగా 50 శాతం ఉంటుంది, నేను విండోస్‌లో కమాండ్‌లు టైప్ చేసే పవర్‌షెల్‌లో 20కి తగ్గించాను. సిస్టమ్ ఖాళీగా ఉన్నప్పుడు జరిగే స్కాన్‌కు మాత్రం మామూలు సెట్టింగుల్లో ఈ పరిమితి వర్తించదు. రెన్యువల్ చేసుకోమని, క్లీనర్ కొనుక్కోమని పని మధ్యలో పాపప్‌లు లేవు. ఈ ప్రశాంతత కోసం నేను డబ్బు కట్టడానికి కూడా సిద్ధమే.

అయితే ఆ సీపీయూ పరిమితి షెడ్యూల్ స్కాన్‌కే. ఫైలు తెరిచిన ప్రతిసారీ జరిగే రియల్ టైమ్ తనిఖీకి వర్తించదు. ఫొటోగ్రాఫర్ వేల ఫొటోలు తెచ్చి కాపీ చేయమంటే ఏ యాంటీవైరస్ ఉన్నా కాస్త బరువు తప్పదు. పైగా ఆ తర్వాత కొన్నాళ్లకు పాత హార్డ్ డిస్క్ తీసి, దానికంటే చాలా వేగంగా పనిచేసే ఎస్ఎస్‌డీ వేయించాను. ఇవాళ నేను పొగుడుతున్న వేగంలో పెద్ద వాటా దానిదే అయి ఉండాలి. పాత డిస్క్‌తో నడుపుతున్నవాళ్లు యాంటీవైరస్ మార్చేముందు ఆ ఖర్చు గురించే ఆలోచించండి. ఇంకో సంగతి, డిఫెండర్ బలం చాలావరకు క్లౌడ్ మీద, అంటే నెట్ ద్వారా అందే మైక్రోసాఫ్ట్ సర్వర్ల మీద ఆధారపడింది. మా షాపులో నెట్ ఎప్పుడూ ఉంటుంది. నెట్ లేకుండా పెన్‌డ్రైవ్‌లతోనే నడిచే చోట దీన్నొక్కదాన్నే నమ్ముకోమని చెప్పలేను.

కొత్తది ఎంచుకునేవాళ్లు యాంటీవైరస్‌లను పరీక్షించే ఆస్ట్రియా సంస్థ ఏవీ-కంపారెటివ్స్ వేగం పరీక్షలు చూడవచ్చు. ఫైళ్లు కాపీ చేయడం, జిప్ చేయడం, ప్రోగ్రాములు తెరవడం లాంటి రోజువారీ పనుల మీదే వాళ్లు కొలుస్తారు. కానీ మన ఫాంట్ ప్రోగ్రాముల గొడవ అక్కడ తేలదు. ట్రయల్ వెర్షన్ వేసుకుని, మీ దగ్గరున్న పెద్ద ఫైలు తెరిచి, తెలుగు టైప్ చేసి చూస్తేనే తెలుస్తుంది.

నాది ఒక్క సిస్టమ్, వాడేది నేనొక్కణ్ణే, శుభలేఖల ఫైళ్లన్నీ బయటి డిస్క్‌లో కాపీ ఉంటాయి. అందుకే నాకు ఇది సరిపోతోంది. పదిమంది పనిచేసే ఆఫీసుకు వేరే లెక్క. విండోస్ 10కు మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. డిఫెండర్‌కు వైరస్ వివరాలు 2028 అక్టోబర్ దాకా ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పినా, విండోస్‌లోని లోపాలను అవి పూడ్చవు. నా పాత ప్రాసెసర్ విండోస్ 11కు పనికిరాదు కాబట్టి పొడిగింపు సెక్యూరిటీ అప్‌డేట్లలో చేరి నడుపుతున్నాను, ఈలోగా కొత్త సిస్టమ్‌కు డబ్బు కూడబెడుతున్నాను.