‘మాడ్లిన్’ మాటతో ఒక నిఘంటువుకు పరీక్ష

ఇంగ్లీషు మాటల పుట్టుపూర్వోత్తరాలు తెలిపే ఆన్‌లైన్ ఎటిమాలజీ డిక్షనరీని డగ్లస్ హార్పర్ దాదాపు ఒంటిచేత్తో నిర్మించారు. ఉచితంగా అందుబాటులో ఉన్న ఈ నిఘంటువు సత్తా తేల్చడానికి ‘మాడ్లిన్’ తగిన మాట. అయినదానికీ కానిదానికీ కన్నీరు కార్చే అతి భావుకతను, ముఖ్యంగా మద్యం మత్తులో పొంగుకొచ్చే ఏడుపును ఇంగ్లీషువారు ఈ మాటతో ఎత్తిపొడుస్తారు.

ఇది యేసు శిష్యురాలైన మగ్దలేనే మరియ పేరు ఫ్రెంచి మీదుగా వచ్చి నలిగిన రూపమనీ, చిత్రకారులు ఆమెను పశ్చాత్తాపంతో విలపిస్తున్నట్టు చిత్రించడం వల్ల దీనికి ‘కన్నీళ్లు నిండిన’ అనే అర్థం వచ్చిందనీ నిఘంటువు కొద్ది వాక్యాల్లో స్పష్టంగా చెబుతుంది. ఒక స్త్రీ పేరు విశేషణమై, ఆ విశేషణం చివరికి ఎగతాళిగా దిగజారిన క్రమాన్ని ఇంత పొదుపుగా చెప్పడం తేలిక కాదు.

అయితే ఆ పశ్చాత్తాపం ఎవరిదన్న చోట వివరణ చాలదు. లూకా సువార్త 7వ అధ్యాయంలో యేసు పాదాలను కన్నీటితో తడిపిన స్త్రీకి పేరే లేదు. ఆమే మగ్దలేనే మరియ అని 591 ప్రాంతంలో పోప్ మొదటి గ్రెగరీ ఒక ప్రసంగంలో చెప్పడంతో పాశ్చాత్య క్రైస్తవ లోకంలో ఆ భావన స్థిరపడింది. యోహాను సువార్త 20వ అధ్యాయంలో మరియ ఏడ్చిన మాట నిజమే కాని, అది యేసు సమాధి దగ్గరి దుఃఖం, పాపానికి పశ్చాత్తాపం కాదు. మాట మూలమంతా ఈ కలగలుపులోనే ఉంది కనుక, దీన్ని విడమరచని పద చరిత్ర నా దృష్టిలో సగమే.

తేదీలనూ దరిదాపు లెక్కలుగానే తీసుకోవాలి. ఈ విశేషణాన్ని నిఘంటువు 1600 ప్రాంతానిదిగా చూపుతుంది; కాని ఇంగ్లీషు రచయిత థామస్ నాష్ 1592లోనే తాగుబోతులను ఎనిమిది రకాలుగా విభజించి, తాగుతూ మధ్యలో ప్రేమ పొంగి ఏడ్చేవాడిని ‘మాడ్లిన్’ కోవలో చేర్చాడు. ఆక్స్‌ఫర్డ్‌లో 1458లో స్థాపించిన మాగ్డలెన్ కళాశాల పేరును నేటికీ ‘మాడ్లిన్’ అనే పలుకుతారు, అక్కడ మాత్రం వెక్కిరింత లేదు.

మాట నడిచిన దారి త్వరగా తెలుసుకోవాలనుకునే పాఠకుడికి ఈ నిఘంటువు బాగా ఉపకరిస్తుంది. పాత ప్రయోగాలను వాక్యాలతో సహా పరిశీలించాలనుకుంటే చందా కట్టి పెద్ద ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు తెరవక తప్పదు.