పురుగుల్ని పట్టి తినే మొక్క డ్రోసెరా కొనేవాళ్ళు జాగ్రత్త! షెడ్‌లో పెంచినవని చెప్పి బీడులో తవ్వినవి పంపుతున్నాడు

ఆకు అంచు రోమాలు సెకన్లలో ముడుచుకుని చీమను పట్టేసే రీల్ పెట్టి డ్రోసెరాలో బర్మానై అనే జాతి అమ్ముతున్నాడు చూడండి, ఆ సెల్లరే. పేరు రాయడం లేదు, మొక్కలు పెంచేవాళ్ళకు తెలుసు. ఆరు మొక్కలు, కొరియర్‌తో కలిపి 900 రూపాయలు. "మా షెడ్‌లో విత్తనం నుంచి పెంచినవి మేడమ్" అని చాట్‌లో రాసి మరీ ఇచ్చాడు.

పార్సిల్ విప్పితే ఎర్రమట్టి పెళ్ళలు. వాటి నిండా గడ్డి వేళ్ళు, మధ్యలో రూపాయి బిళ్ళంత మొక్కలు. ఉన్న నాలుగు సన్నటి వేళ్ళూ తెగిపోయాయి. పూకాడలు ఎండి గింజ కట్టేశాయి. ఈ మొక్క వానలకు మొలిచి, పూసి, గింజ రాల్చి, నేల ఎండేసరికి పోతుంది. అంటే ఆయుష్షు తీరిన మొక్కలకే డబ్బు తీసుకున్నాడు. పైగా ఎరువు ప్యాకెట్ ఫ్రీ! సారం లేని తడి నేలలో బతకడానికే కదా ఇది జిగురు చుక్కలతో పురుగుల్ని పట్టేది. వేళ్ళకు ఎరువు తగిలితే చస్తుంది. ఆ మాత్రం తెలియనివాడు షెడ్‌లో పెంచాడట.

వాననీళ్ళే పోశాను. ఒక్కటీ దక్కలేదు.

ఫోన్ చేసి, డబ్బు సంగతి తర్వాత, ముందు ఈ మట్టి ఎక్కడిదో చెప్పమన్నాను. "ఏంటమ్మా, ఆరు మొక్కలకు ఇంత గోల? వానలు పడితే చిత్తడి బీడంతా ఇవే. పారతో చెక్కి తెస్తాం. పోతే ఇంకో ఆరు కొనుక్కోండి" అన్నాడు. నవ్వుతూ అన్నాడు! నాకు ఒళ్ళు మండిపోయింది. గింజ రాలకముందే చెక్కేస్తే వచ్చే వానలకు అక్కడ ఏం మొలుస్తుంది? ఈ జాతి మన దేశం నుంచి ఆస్ట్రేలియా దాకా ఉంటే ఉండొచ్చు, ఆ బీడులో పోయింది మాత్రం పోయినట్టే. అదే మాట అడిగితే ఫోన్ పెట్టేసి నంబర్ బ్లాక్ చేశాడు.

కొనేముందు కుండీలో ఉన్న మొక్క వీడియో అడగండి. ఎర్రమట్టి, గడ్డి కనిపిస్తే వద్దు. అసలు విత్తనాలే నయం, పీట్‌లో (చిత్తడిలో నాచు కుళ్ళి అయిన మట్టి) ఇసుక కలిపి తడిపి పైన చల్లితే చాలు, మట్టి కప్పొద్దు. బోరు నీళ్ళు అసలే పోయొద్దు. చాట్, పార్సిల్ ఫొటోలు నా దగ్గరున్నాయి. వాడికి ఇప్పటికే ఆర్డర్ పెట్టినవాళ్ళుంటే అడగండి, పంపిస్తాను.