బాలింతకు సొర పిట్టా, నెత్తళ్ల పులుసా?

కోస్తాలో కాన్పయిన ఇంటికి సొరచేప తేవడం పాత అలవాటే. సొర పిట్టు తింటే పాలు బాగా పడతాయని అమ్మలూ అత్తలూ ప్రేమగా చేసి పెడతారు. ఆ ప్రేమను తప్పుపట్టలేం. కానీ సొర బదులు నెత్తళ్లో కవళ్లో, అలాంటి చిన్న చేపలు వండితే తల్లికీ బిడ్డకీ చాలా మేలు. కారణం పాదరసం.

బొగ్గు మండించినప్పుడు, బంగారం తీసే చోట్ల బయటపడే పాదరసం చివరికి నీళ్లలో చేరుతుంది. అక్కడి సూక్ష్మజీవులు దాన్ని మిథైల్ పాదరసం అనే, ఒంట్లో పేరుకునే విషంగా మారుస్తాయి. నాచు నుంచి చిన్న చేపకి, చిన్న చేప నుంచి పెద్ద చేపకి వెళ్లేకొద్దీ అది పేరుకుపోతుంది. సొర ఆ వరసలో చిట్టచివర ఉంటుంది, పైగా ఏళ్ల తరబడి బతుకుతుంది.

అమెరికాలో ఆహారం, మందుల నాణ్యత చూసే ఎఫ్‌డీఏ లెక్కల్లో సొర మాంసంలో గ్రాముకి సగటున 0.98 మైక్రోగ్రాముల పాదరసం ఉంది. నెత్తళ్ల జాతిలో సుమారు 0.02, కవళ్ల జాతిలో 0.013 మాత్రమే. ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు మిథైల్ పాదరసానికి పెట్టిన హద్దు వారానికి, కిలో ఒంటి బరువుకి 1.6 మైక్రోగ్రాములు. అంటే 55 కిలోల తల్లికి వారానికి 88 మైక్రోగ్రాములు. సొర 90 గ్రాములు తింటే చాలు, వారం కోటా అయిపోయినట్టే. కవళ్లయితే ఆరు కిలోలు దాటాలి!

మన దగ్గర దొరికే పాలసొర చిన్నది కదా అంటారు. నిజమే, చిన్నదాంట్లో పాదరసం తక్కువే. కానీ ముక్కలుగా కోసి అమ్మేటప్పుడు అది ఎంత సొరో మనకెలా తెలుస్తుంది?

వండితే పోతుందేమో అన్న ఆశా వద్దు. పసుపు వేసి ఉడికించి, తోలు తీసి, నీళ్లు పిండేస్తే వాసన పోతుంది. పాదరసం మాత్రం కండలోని ప్రోటీన్‌ని పట్టుకునే ఉంటుంది. ఎండు సొరలో నీరు తగ్గిపోతుంది కాబట్టి గ్రాముకి ఇంకా ఎక్కువ. సొరలో ఆర్సెనిక్ కూడా కనిపిస్తుంది గానీ, అందులో చాలామటుకు మూత్రంలో పోయే రకమే. దాని గురించి టెన్షన్ అక్కర్లేదు.

పాదరసం తల్లిపాలలోకి కొద్దిగానే వెళ్తుంది. అసలు ప్రమాదం కడుపులో ఉన్నప్పుడే. అది మాయ (ప్లాసెంటా) దాటి పిండం మెదడుకు చేరుతుంది. ఒంట్లో ఉన్నదాంట్లో సగం పోవడానికే దాదాపు 50 రోజులు పడుతుంది. కాబట్టి పిల్లల కోసం అనుకుంటున్నవాళ్లు కొన్ని నెలల ముందే సొర మానేయాలి.

ఇక పాల సంగతి. సొర తింటే పాలు పెరుగుతాయనడానికి గట్టి రుజువు లేదు. బిడ్డకు మాటిమాటికీ పాలిస్తుంటే పాలు వాటంతటవే పెరుగుతాయి. అలాగని చేపలే మానకండి. బిడ్డ మెదడుకు కావాల్సిన ఒమేగా-3 అనే మంచి కొవ్వు కవళ్లలో పుష్కలం. నెత్తళ్లు ముల్లుతో సహా తింటాం కనుక కాల్షియమూ అందుతుంది. పచ్చివి దొరికితే మంచిది, ఎండువాటిలో ఉప్పు ఎక్కువ. చెరువులో పెంచిన బొచ్చె, శీలావతి కూడా పర్వాలేదు. వంజరం దగ్గర మాత్రం ఆగి ఆలోచించండి, అదీ వేటాడి తినే పెద్ద చేపే.

ఇంట్లో మిగతా పెద్దవాళ్లు సొర పూర్తిగా మానాల్సిన పనిలేదు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ గర్భిణులను, పిల్లలను వద్దంటుంది, మిగతా పెద్దలకు వారానికి ఒక్కసారికి మించొద్దంటుంది. నన్నడిగితే నెలకొకసారి చాలు.